ఎల్లోస్టోన్ యాత్రకు మైక్రోవేవ్ వెంట తీసుకెళ్ళాలా? నాన్నగారికి షుగర్, అమ్మకు బయటి తిండి పడదు

కాన్సాస్_కృష్ణవేణి
జూలై రెండో వారంలో అమ్మ, నాన్న, మేమిద్దరం, ఎనిమిదేళ్ళ మా బాబు కలిసి కాన్సాస్ సిటీ నుంచి, వేడినీటి బుగ్గలకు పేరున్న ఎల్లోస్టోన్ జాతీయ పార్కుకు కారులో బయలుదేరుతున్నాం. మొదటి రాత్రి రాపిడ్ సిటీలో ఆగి, తరువాత రెండు రాత్రులు పార్కు లోపలి క్యాబిన్‌లో, ఆఖరి రెండు రాత్రులు వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్ళో ఉంటాం.

నాన్నగారికి పద్దెనిమిదేళ్ళుగా షుగర్ ఉంది. భోజనానికి పావుగంట ముందు ఇన్సులిన్ వేసుకుంటారు కనుక, సూది పడ్డాక తిండి ఆలస్యమైతే ఆయనకు చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి. మొన్న మే నెలలో ఒక ఊరు వెళ్ళినప్పుడు అదే జరిగింది. భోజనం చెప్పిన నలభై నిమిషాలకు గానీ రాలేదు, ఈలోపు ఆయన చేతులు వణికిపోతుంటే బాబు చేతిలోని రసం డబ్బా తాగించి గండం గట్టెక్కించాం. అమ్మకు వెన్న, చీజ్ వాసన పడదు. బయట రెండు పూటలు తింటే మూడో పూట పస్తుంటుంది.

చిన్న మైక్రోవేవ్ ఒకటి డిక్కీలో పెట్టుకుందామని మావారు అంటున్నారు. మా ఇంట్లో ఉన్నది 700 వాట్లది. రైస్ కుక్కర్, పోపుల డబ్బా, నాలుగు రకాల కూరగాయలు ఉంటే చాలు, వంట సంగతి తాను చూసుకుంటానని అమ్మ అంటోంది. ఇలా వెళ్ళివచ్చినవారు చెప్పండి: గదిలో వాడనిస్తారా, మైక్రోవేవ్ నిజంగా పనికొస్తుందా, ఏమేం తీసుకెళితే బాగుంటుంది?

గుంటూరు_మిరప
ఇంకేమీ ఆలోచించకుండా పెట్టుకెళ్ళండి. మేము నిరుడు స్మోకీ పర్వతాలకు వెళ్ళినప్పుడు గదిలో మైక్రోవేవ్ ఉంటుందని చెప్పి తీరా చూస్తే లేకపోవడంతో, దారిలో దుకాణంలో ఒకటి కొన్నాం. ఆ నాలుగు రోజులూ పొద్దున ఉప్మా, రాత్రి పప్పన్నం గోంగూర పచ్చడితో తిని హాయిగా తిరిగాం. ఇప్పుడు అది మా ప్రయాణ సామానులో శాశ్వత సభ్యురాలు.

నెల్లూరు_నాన్న
కృష్ణవేణి గారూ, మీరు అడిగినదానికి జవాబు చెప్పేముందు మా ఇంట్లో జరిగినది ఒకటి చెప్పాలి. ఆరేళ్ళ క్రితం పిల్లలతో ఓర్లాండో వెళ్ళాం. రైస్ కుక్కరు, చిన్న ఎలక్ట్రిక్ కుంపటి, బియ్యం, పప్పులు, చివరకు రోలు కూడా వదలకుండా కారులో సర్దాం. ఆరు రోజులూ నా భార్య పొద్దున ఐదున్నరకే లేచి, స్నానాల గది పక్కన సన్నటి బల్ల మీద ఉల్లిపాయలు తరిగింది. మేము వినోద పార్కు నుంచి అలిసి వచ్చి మంచం మీద వాలితే, ఆమె ఆ చేతులు కడుక్కునే చిన్న సింకులో గిన్నెలు తోమింది. ఇంటికొచ్చాక ఫోటోలు చూస్తుంటే, బాణసంచా కాల్చిన రాత్రి తీసిన వాటిలో ఆమె ఒక్కదానిలోనూ లేదు. ఆ వేళకు గదిలో మరుసటి రోజుకు చపాతీ పిండి కలుపుతోందని నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. ఆమె ఏనాడూ నన్ను ఒక మాట అనలేదు. అనకపోవడమే నాకు ఇంకా బాధగా ఉంటుంది.

మీ నాన్నగారి అవసరం వేరు, దానిని కాదనను. కానీ అమ్మగారు "వంట సంగతి నేను చూసుకుంటాను" అన్నారని రాశారే, ఆ మాటను మీరు సులభంగా ఒప్పుకోవద్దని నా మనవి. ఆమె అంత దూరం వస్తున్నది ఎల్లోస్టోన్ చూడటానికి.

సుధ_ఎడిసన్
నెల్లూరు_నాన్న గారు చెప్పింది చదివి మనసు బరువెక్కింది. అయినా అందరి ఇళ్ళలోనూ ఒకే లెక్క కుదరదు. మా అత్తగారు మడి పాటిస్తారు. మాంసం వేడిచేసిన పెట్టెలో పెట్టిన అన్నం ఆమె ముట్టరు. అది తప్పో ఒప్పో ఆమెతో వాదించే వయసు నాది కాదు, మారే వయసు ఆమెది కాదు. మేము సొంత మైక్రోవేవ్ కొనక ముందు నయాగరా వెళితే, రెండు రోజులు అరటిపళ్ళు, మజ్జిగతో గడిపారు. కొన్న తరువాత ఆమె మాతో పాటు ఐదు రాష్ట్రాలు తిరిగారు. కనుక ఆ పెట్టె మా ఇంట్లో వంటను పెంచలేదు, ఆమెను గుమ్మం దాటించింది.

ఆమె సహా ఎవరూ గదిలో వండరు. నేను ఇంట్లోనే వండి, గడ్డకట్టించి తీసుకెళతాను. అక్కడ వేడి చేయడమే.

తీగలు_మాస్టారు
ముప్పై ఏళ్ళుగా కరెంటు పనిలో ఉన్నాను కనుక ఆ వైపు నుంచి చెబుతాను. పెట్టె మీద 700 వాట్లు అని రాసి ఉన్నది ఆహారానికి అందే శక్తి. గోడ నుంచి అది లాగేది దాదాపు 1,050 నుంచి 1,100 వాట్లు. అమెరికాలో గది ప్లగ్గులకు సాధారణంగా 15 ఆంపియర్ల బ్రేకరు ఉంటుంది, అంటే 120 వోల్టుల మీద గరిష్ఠంగా 1,800 వాట్లు. అదే సర్క్యూట్ మీద దీపాలు, టీవీ, చిన్న ఫ్రిజ్ కూడా ఉంటాయి. మైక్రోవేవ్ నడుస్తుండగా 700 వాట్ల రైస్ కుక్కర్ కూడా పెట్టారంటే లెక్క అంచుకు చేరుతుంది, ఫ్రిజ్ మోటారు మొదలవగానే బ్రేకరు పడిపోతుంది. కాబట్టి ఒకసారికి ఒకటే నడపాలి. ఇస్త్రీ పెట్టె, కాఫీ యంత్రం కూడా ఈ లెక్కలోకే వస్తాయని మరచిపోకండి.

సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగతో మైక్రోవేవ్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ నడపవద్దు. తీగ చుట్ట చుట్టి ఉంటే ఇంకా తొందరగా వేడెక్కి తొడుగు కరుగుతుంది. నేను అలాంటివి కళ్ళారా చూశాను.

గుంటూరు_మిరప
మాస్టారూ, కారులో ఇన్వర్టర్ పెట్టి దారిలోనే మైక్రోవేవ్ నడుపుకోవచ్చని మా తమ్ముడు అంటున్నాడు. అది సాధ్యమేనా?

తీగలు_మాస్టారు
సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి సాధ్యం కాదు. దాని ఫ్యూజు 10 నుంచి 15 ఆంపియర్లు ఉంటుంది, 12 వోల్టులతో గుణిస్తే 120 నుంచి 180 వాట్లు మాత్రమే. మైక్రోవేవ్‌కు అందులో ఆరింతలకు పైగా కావాలి. ఫోన్లకు, ల్యాప్‌టాప్‌కు ఆ సాకెట్ సరిపోతుంది, అంతవరకే వాడుకోమనండి.

పాలమూరు_పద్మ
మా అమ్మ హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు తన కరెంటు కుక్కర్ తెస్తానంటోంది. అది ఇక్కడ పని చేస్తుందా? ప్రయాణాలకు అదే వాడుకుందామనుకున్నాం.

తీగలు_మాస్టారు
వద్దని చెప్పండి. అది 230 వోల్టులకు చేసినది. 120 వోల్టుల మీద దాని శక్తి పావు వంతుకు కాస్త పైగా మాత్రమే మిగులుతుంది. అంటే 700 వాట్ల కుక్కరు 190 వాట్ల దగ్గర ఆగిపోతుంది. అన్నం ఉడకదు, నానుతుంది. ఇక్కడి కుక్కరును అక్కడ పెడితే మాత్రం నిమిషాల్లో కాలిపోతుంది.

సుధ_ఎడిసన్
పద్మ గారూ, పనిలో పనిగా పచ్చి కరివేపాకు కూడా తేవద్దని చెప్పండి. నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు దాని మీద బతుకుతుంది కనుక అమెరికా కస్టమ్స్‌లో దానిని రానివ్వరు. పచ్చళ్ళు, పొడులు గట్టిగా మూతలు బిగించి పెద్ద పెట్టెలో వేసుకుంటే మంచిది. చేతి సంచిలో పెడితే పచ్చడిని కూడా ద్రవపదార్థంగానే లెక్కవేస్తారు, 100 మిల్లీలీటర్లు దాటితే అక్కడే వదిలేయాల్సి వస్తుంది.

రిసెప్షన్_రవి
మిస్సోరిలో ఒక హోటల్ రిసెప్షన్‌లో నాలుగేళ్ళు పనిచేశాను. మేనేజర్లు భయపడేది మైక్రోవేవ్‌కు కాదు. ఎర్రటి చుట్టలు కనిపించే ఎలక్ట్రిక్ స్టవ్వుకు, నూనె పొగకు. నెల్లూరు_నాన్న గారు చెప్పిన కుంపటి లాంటివి చాలా చోట్ల నిషేధం. ఒక రాత్రి రెండో అంతస్తులో మనవాళ్ళే ఎండుమిరపకాయలతో తాలింపు పెట్టారు. స్మోక్ అలారం మోగి, నిద్రలో ఉన్న పసిపిల్లలతో సహా అందరూ మెట్లు దిగి వానలో నిలబడ్డారు. తాలింపు పెట్టిన ఆ పెద్దావిడ నా ముందు చేతులు జోడించారు. ఆమె అలా నిలబడటం నేను ఈనాటికీ మరచిపోలేను. అంతవరకూ తెచ్చుకోకూడదు.

గది బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి. మొదటిది, గదిలో మైక్రోవేవ్, ఫ్రిజ్ ఉన్నాయా. రెండోది, లేకపోతే మాది తెచ్చుకోవచ్చా. షుగర్ రోగి ఉన్నారని చెబితే, స్టోరులో ఉన్న ఫ్రిజ్‌ను గదిలోకి పంపే హోటళ్ళు చాలా ఉన్నాయి. జవాబు చెప్పినవారి పేరు రాసి పెట్టుకోండి. వెబ్‌సైట్ మీద ఉన్న చిన్న మైక్రోవేవ్ బొమ్మను నమ్ముకోకండి, ఒక్కోసారి ఆ మైక్రోవేవ్ లాబీలో ఉంటుంది.

నెల్లూరు_నాన్న
రవి గారు చెప్పిన దానిలో ఆ పెద్దావిడ స్థానంలో నా భార్య ఉండి ఉండవచ్చు. మేమూ ఆ కుంపటి మీద తాలింపు పెట్టినవాళ్ళమే. అలారం మోగకపోవడం మా అదృష్టం.

కొలరాడో_కోనసీమ
అందరూ కరెంటు గురించి మాట్లాడుతున్నారు గానీ, ఎల్లోస్టోన్‌లో అసలు చిక్కు ఎత్తు. పార్కులో సరస్సు ఉన్న ప్రాంతం సముద్రమట్టానికి 7,700 అడుగుల పైన ఉంది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే, వేడినీళ్ళు పైకి చిమ్మే బుగ్గ దగ్గర నీళ్ళు 93 డిగ్రీల సెంటీగ్రేడ్‌కే మరుగుతాయి. మామూలు రైస్ కుక్కర్‌లో అన్నం పైకి ఉడికినట్టు కనిపించి లోపల పలుకుగా ఉంటుంది. కందిపప్పు సంగతి చెప్పనక్కరలేదు, మూతలేని గిన్నెలో గంటసేపు మరిగినా గింజ గింజగానే నిలుస్తుంది. నేను డెన్వర్‌కు వచ్చిన కొత్తలో పప్పు పాతదని దుకాణం వాళ్ళ మీద అనుమానపడి మూడు సార్లు మార్చి కొన్నాను. తప్పు పప్పుది కాదని తెలియడానికి నెల పట్టింది.

కాబట్టి అక్కడ వండాలనుకుంటే ప్రెషర్ కుక్కర్ కావాలి. రైస్ కుక్కరే దిక్కయితే బియ్యం అరగంట నానబెట్టి, మామూలు కన్నా పావు గ్లాసు నీళ్ళు ఎక్కువ పోసి, ఆగిన తరువాత పదిహేను నిమిషాలు మూత తీయకుండా ఉంచండి. ఇంట్లో వండి తీసుకెళ్ళిన అన్నాన్ని మైక్రోవేవ్‌లో వేడిచేయడానికి మాత్రం ఈ ఎత్తుతో పెద్దగా చిక్కు లేదు, ఒకటి రెండు చెంచాల నీళ్ళు చల్లితే చాలు. మైక్రోవేవ్ తీసుకెళ్ళడానికి నా దృష్టిలో ఇదే బలమైన కారణం.

తణుకు_తాతయ్య
ఈ మాట నాకు బదరీనాథ్‌లో అనుభవం. అది 3,100 మీటర్ల ఎత్తు. 2011లో మేము పదకొండు మందిమి వంటమనిషితో సహా వెళ్ళాం, కుక్కరు మాత్రం పట్టుకెళ్ళలేదు. మొదటి రోజు అన్నం పళ్ళ కింద పడి, రెండో రోజు నుంచి అటుకులు, పెరుగు, ఆవకాయతో సరిపెట్టుకున్నాం. అటుకులకు ఎత్తుతో పని లేదమ్మా, కాసిని నీళ్ళు చాలు. మీ నాన్నగారికి ఎర్ర అటుకులు తీసుకెళ్ళండి.

గుంటూరు_మిరప
పార్కులో పిక్నిక్ బల్లల దగ్గర చిన్న గ్యాస్ స్టవ్వు పెట్టుకోవచ్చు కదా? మైక్రోవేవ్ కన్నా అదే మేలేమో. మిరపకాయ తాలింపు పెట్టినా ఆరుబయట ఎవరికీ ఇబ్బంది ఉండదు.

తణుకు_తాతయ్య
గ్యాస్ అనగానే నాకు 2023 ఆగస్టు 26 గుర్తుకొస్తుంది. లక్నో నుంచి దక్షిణాది యాత్రకు వచ్చినవారి ప్రత్యేక రైలు పెట్టె మదురై దగ్గర నిలిపి ఉండగా, తెల్లవారుజామున లోపల గ్యాస్ స్టవ్వు వెలిగించడంతో నిప్పంటుకుని తొమ్మిది మంది చనిపోయారు. రైలులో గ్యాస్ సిలిండరు తీసుకెళ్ళడం నేరమని, మూడేళ్ళ వరకు జైలు ఉంటుందని రైల్వే చట్టం చెబుతున్నా, యాత్ర అనగానే మనవారు ఒక చిన్న సిలిండరు మంచం కింద దాచుకోవడం నేను ఎన్నో సార్లు చూశాను. నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే. మదురై తరువాత మానేశాను. కాశీకి వెళితే ఇప్పుడు మానససరోవర్ ఘాట్ దగ్గరి ఆంధ్రాశ్రమంలోనో మరో తెలుగు సత్రంలోనో మధ్యాహ్నం భోంచేసి, రాత్రికి పళ్ళు తింటాను.

ఆరుబయట స్టవ్వు వెలిగించడం వేరు, నాకు తెలుసు. కానీ దానిని గదిలోకి గానీ కారులోకి గానీ తెచ్చి వెలిగించవద్దని మీ ఇంట్లో కుర్రవాళ్ళకు గట్టిగా చెప్పండి.

కొలరాడో_కోనసీమ
తాతయ్య గారి మాట అక్షరాలా నిజం. గాలి ఆడని చోట గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది, దానికి వాసన కూడా ఉండదు. బయట పిక్నిక్ స్థలాల్లో గ్యాస్ స్టవ్వు వాడుకోవచ్చు, మేము వాడాం. అయితే అక్కడ ఎలుగుబంట్లు ఉన్నాయి. తిండి, ఐస్ పెట్టె, ఖాళీ గిన్నెలు, చివరకు నూనె అంటిన గరిటె కూడా బల్ల మీద వదిలి పక్కకు వెళ్ళకూడదు. పని అయిపోగానే అన్నీ కారులో పెట్టి తలుపులు వేయాలి. మనిషి తిండికి అలవాటుపడిన ఎలుగును చివరకు చంపాల్సి వస్తుంది కనుక పార్కును కాపలా కాసే రేంజర్లు ఈ విషయంలో ఊరుకోరు.

పాలమూరు_పద్మ
మా పిల్లవాడు వేడినీటి బుగ్గలో గుడ్లు ఉడకబెట్టవచ్చా అని అడుగుతున్నాడు. వాడికి ఏం చెప్పాలి?

కొలరాడో_కోనసీమ
2020లో కొందరు గోనెసంచిలో రెండు కోళ్ళను పెట్టి అక్కడి బుగ్గలో ఉడకబెట్టబోయి రేంజరుకు దొరికిపోయారని, జరిమానాతో పాటు కొంతకాలం పార్కులో అడుగు పెట్టకుండా నిషేధం కూడా పడిందని చెప్పండి. ఆ నీటిలో పడి ప్రాణాలు పోయినవారు కూడా ఉన్నారు. చెక్కబాట దిగకూడదని ముందుగానే వాడికి తెలియాలి.

గోధుమ_వద్దు
మా అబ్బాయికి సీలియాక్ వ్యాధి. గోధుమ ఇసుమంత తగిలినా మూడు రోజులు మంచం దిగడు. తొమ్మిదేళ్ళుగా మా వంట మేమే మోసుకెళుతున్నాం కనుక రెండు సంగతులు చెప్పగలను.

మైక్రోవేవ్ ఎవరిదైనా, పళ్ళెం మీద మూత పెట్టి, కింద కాగితపు తువాలు వేస్తే మాకు ఇంతవరకు ఇబ్బంది రాలేదు. మేము తప్పక వెంట తీసుకెళ్ళేది సొంత టోస్టరు. పాత రొట్టెముక్కల పొడి అందులోనే ఉంటుంది. రెండోది మనవారిలో చాలామందికి తెలియదు: డబ్బా ఇంగువలో ఎక్కువ రకాల్లో గోధుమపిండి కలుపుతారు. మా అమ్మ ప్రేమగా చేసి పంపిన పులిహోర తిని వాడు ఆసుపత్రి దాకా వెళ్ళాడు. కారణం ఇంగువ అని తెలిశాక అమ్మ ఏడ్చింది. ఇంటివంట గనుక సురక్షితమని మాత్రం అనుకోవద్దు, దినుసు దినుసూ చూసుకోవాలి.

సుధ_ఎడిసన్
వండి తీసుకెళ్ళేవారికి చల్లదనం ముఖ్యం. ఆహారం 4 డిగ్రీల సెంటీగ్రేడ్ కింద ఉండాలి, లేకపోతే 60 పైన ఉండాలి. ఆ మధ్యలో రెండు గంటలు మించి ఉంచకూడదు. బయట ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. అన్నంతో ఇంకా జాగ్రత్త అవసరం. అన్నంలో ఉడికినా చావని ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి, అన్నం గోరువెచ్చగా ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. నేను వండగానే వెడల్పు పళ్ళెంలో ఆరబోసి, గంటలోపు డబ్బాల్లో పెట్టి గడ్డకట్టిస్తాను. గడ్డకట్టిన పప్పు డబ్బాలే ఐస్ పెట్టెలో మంచు ముక్కల పని కూడా చేస్తాయి.

వేడి చేసేటప్పుడు మధ్యలో ఒకసారి కలిపి, ఆగాక రెండు నిమిషాలు అలాగే ఉంచాలి. అంచులు పొగలు కక్కుతున్నా నడుమ చల్లగా ఉండటం మైక్రోవేవ్ స్వభావం. నడుమ 74 డిగ్రీలు రావాలి. స్టీలు డబ్బాలను అమ్మగారు అలవాటు కొద్దీ లోపల పెట్టేయకుండా చూడండి, గాజు గిన్నెలు రెండు తీసుకెళ్ళండి.

రిసెప్షన్_రవి
వంటగది ఉన్న గదులు అద్దెకిచ్చే హోటళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. హోమ్‌వుడ్ సూట్స్, రెసిడెన్స్ ఇన్, ఎక్స్‌టెండెడ్ స్టే లాంటి వాటిలో స్టవ్వు, గిన్నెలు, పెద్ద ఫ్రిజ్ గదిలోనే ఉంటాయి. ఐదుగురు ఉన్నప్పుడు రెండు మామూలు గదుల కన్నా అలాంటి గది ఒకటి తీసుకోవడం మేలు కావచ్చు. పార్కు లోపల మాత్రం అలాంటివి దొరకవు.

తణుకు_తాతయ్య
అమ్మా కృష్ణవేణీ, నేనూ షుగర్ మనిషినే. సూది విషయం మీ డాక్టరును ఒకసారి అడుగు. పళ్ళెం కళ్ళ ముందుకు వచ్చాకే వేసుకునే వీలుందేమో, ప్రయాణంలో ఆ వెసులుబాటు ప్రాణం కాపాడుతుంది. వాడుతున్న ఇన్సులిన్‌ను ఎండకు కాగే కారులో వదలకూడదు, మంచుకు నేరుగా తగలనీయకూడదు కూడా. గడ్డకడితే ఇక పనికిరాదు. జేబులో గ్లూకోజు బిళ్ళలు ఉంచండి. రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు 15 గ్రాముల గ్లూకోజు తినిపించి, పావుగంట ఆగి మళ్ళీ పరీక్ష చేయడం పద్ధతి. మైక్రోవేవ్ ఉన్నా లేకపోయినా ఆ బిళ్ళలు మాత్రం మీ నాన్న జేబులో ఉండాలి, నీ సంచిలో కాదు.

కాన్సాస్_కృష్ణవేణి
ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. రవి గారు చెప్పినట్టు మూడు చోట్లకూ ఫోన్ చేశాను. రాపిడ్ సిటీలో మైక్రోవేవ్, ఫ్రిజ్ రెండూ గదిలోనే ఉన్నాయి. వెస్ట్ ఎల్లోస్టోన్‌లో ఫ్రిజ్ మాత్రమే ఉంది, మాది తెచ్చుకోవచ్చన్నారు. పార్కు లోపలి క్యాబిన్‌లో రెండూ లేవు, గదిలో ఏదీ ప్లగ్గుకు పెట్టి వండవద్దని మర్యాదగా చెప్పారు. అంటే నాన్నగారికి అసలు అవసరమైన ఆ రెండు రోజులకే మైక్రోవేవ్ పనికిరాదు. ఆ రెండు రోజులకు ఏం చేయమంటారు?

నెల్లూరు_నాన్న గారి ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పోపుల డబ్బా వద్దులేవే" అంది.

సుధ_ఎడిసన్
ఆ రెండు రోజులకు నోరు వెడల్పున్న ఫ్లాస్కులు తీసుకెళ్ళండి. క్యాబిన్‌లో వండలేకపోయినా పార్కు హోటళ్ళలో మరిగే నీళ్ళు అడిగితే ఇస్తారు. వేయించిన రవ్వలో తిరగమోత కలిపి పొడిగా తీసుకెళితే, ఫ్లాస్కులో మరిగే నీళ్ళు పోసి మూత బిగించిన పది నిమిషాలకు ఉప్మా తయారవుతుంది. వేయించిన జొన్నపిండి, రాగిపిండి కూడా అలాగే పనికొస్తాయి. చపాతీలు, కంది పొడి, ఉడికిన గుడ్లు, వేయించిన శనగలు ఎలాగూ ఉంటాయి.

కొలరాడో_కోనసీమ
మధ్యాహ్నానికి కారులోని ఐస్ పెట్టెలో దద్దోజనం పెట్టుకోండి, వేడిచేసే పనే లేదు. పార్కు లోపల సరస్సు నుంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దాదాపు 40 మైళ్ళు, వేగం గంటకు 45 మైళ్ళు మించకూడదు. దారిలో అడవిదున్నలు రోడ్డుకు అడ్డంగా నిలిస్తే గంట కూడా పట్టవచ్చు. నాన్నగారి తిండి డిక్కీలో కాదు, ఆయన కూర్చున్న సీటు దగ్గర ఉండాలి.

నెల్లూరు_నాన్న
అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. వేడిచేసే పని, గిన్నెలు కడిగే పని మీవారికి, మీకు పంచండి. ఓర్లాండో తరువాత మా ఇంట్లో ప్రయాణాలకు వంట నాది. మొదట్లో ఉప్పు ఎక్కువయ్యేది, ఇప్పుడు కుదిరింది.

కాన్సాస్_కృష్ణవేణి
నిన్న రాత్రి ఇల్లు చేరాం. ఎవరికైనా ఉపయోగపడుతుందని జరిగింది రాస్తున్నాను.

ఐదు రోజుల్లో మా మైక్రోవేవ్ పనిచేసింది రెండు రాత్రులు, రెండు ఉదయాలు. మిగతా కాలమంతా దుప్పటి చుట్టుకుని డిక్కీలో కూర్చుంది. అయినా తీసుకెళ్ళినందుకు విచారం లేదు. వెస్ట్ ఎల్లోస్టోన్ చేరిన రాత్రి తొమ్మిదిన్నర అయింది, ఊళ్ళో భోజనశాలల ముందు జనం బారులు తీరి ఉన్నారు. మావారు గడ్డకట్టిన పప్పు, అన్నం వేడిచేసి ఏడు నిమిషాల్లో నాన్నగారి ముందు పళ్ళెం పెట్టారు. నాన్నగారు అప్పుడే సూది వేసుకున్నారు. డాక్టరు ఆ పద్ధతికి ఒప్పుకున్నారు, తాతయ్య గారికి కృతజ్ఞతలు. మాస్టారు గారు హెచ్చరించినా, అక్కడ రెండో రోజు ఉదయం మావారు కాఫీ యంత్రం కూడా పెట్టేసరికి గదిలో సగం చీకటైంది. రిసెప్షన్‌కు వెళ్ళి చెబితే బ్రేకరు ఎత్తి ఇచ్చారు.

పార్కు లోపలి రెండు రోజులకు ఫ్లాస్కు ఉప్మా కాపాడింది. అడవిదున్నలు నిజంగానే యాభై నిమిషాలు దారి ఇవ్వలేదు. నాన్నగారు కారులోనే దద్దోజనం తిన్నారు, అమ్మ కిటికీలోంచి ఒక దున్న పిల్లను చూస్తూ తన డబ్బా తెరవడమే మరచిపోయింది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర నీళ్ళు పైకి లేచినప్పుడు తీసిన ఫోటోలో ఐదుగురమూ ఉన్నాం, ఒక కొరియా దేశపు అమ్మాయి తీసిపెట్టింది. నాన్నగారి చక్కెర ఒక్కసారే 70 కిందకు దిగింది, బిళ్ళలు ఆయన జేబులోనే ఉన్నాయి.

నెల్లూరు_నాన్న
ఐదుగురూ ఉన్న ఆ ఫోటో సంగతి చదివి మా ఆవిడకు చూపించాను.

పాలమూరు_పద్మ
కృష్ణవేణి గారూ, ఆ ఫ్లాస్కు ఉప్మా కొలత చెప్పండి. వచ్చే నెల మేము గ్రాండ్ కాన్యన్‌కు వెళుతున్నాం.

కాన్సాస్_కృష్ణవేణి
రెండు గ్లాసుల బొంబాయి రవ్వను మంచి వాసన వచ్చేదాకా విడిగా వేయించుకోండి. నాలుగు చెంచాల నూనెలో ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, జీడిపప్పు, ఎండుమిరప వేసి, కరివేపాకు గలగలలాడే వరకు వేగనిచ్చి, రవ్వ, ఉప్పు కలిపి పూర్తిగా చల్లారాక పొడి సీసాలో పెట్టండి. పచ్చిమిర్చి, అల్లం వేయవద్దు, తడి చేరి పాడవుతుంది. అల్లం బదులు శొంఠి పొడి చిటికెడు చాలు. తినేటప్పుడు ఒక గ్లాసు మిశ్రమానికి రెండున్నర గ్లాసుల మరిగే నీళ్ళు. ముందు ఫ్లాస్కును కాసిని వేడినీళ్ళతో కడిగి పారబోసి, అప్పుడు రవ్వ వేయండి. అలా చేయని మొదటి రోజు మాకు అడుగున పలుకుగా ఉండిపోయింది.